దేశం వదిలి పారిపోయాడు.. బ్రిటిష్ సినిమాకు ‘సర్’ అయ్యాడు! మైసూరు మావటి కొడుకుని ప్రపంచ స్టార్ చేసిన అలెగ్జాండర్ కోర్డా కథ ఇదీ

ఏనుగుల శాలలో పెరిగిన ఓ మైసూరు కుర్రాడు హాలీవుడ్ స్టార్ అయ్యాడు. బొంబాయిలో పుట్టిన ఓ అమ్మాయి తన పుట్టుకనే దాచుకుని ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ అనే సినిమా ప్రపంచాన్ని ఎగిరే గుర్రం మీద ఊరేగించింది. ఈ మూడింటి వెనకా ఉన్నది ఒక్కడే. ఆయన పేరు సర్ అలెగ్జాండర్ కోర్డా.

బ్రిటన్ సినిమా చరిత్రలో ఈ పేరు లేకుండా పేజీ తిరగదు. కానీ ఆయన బ్రిటన్‌లో పుట్టలేదు. ఆ దేశంలో అడుగు పెట్టేనాటికి ఆయనకు 38 ఏళ్లు. అప్పటికే ఐదు దేశాల్లో సినిమాలు తీశారు. పెళ్లి, విడాకులు, అరెస్టు, దివాలా అంచు.. అన్నీ చూసేశారు. మరి అలాంటి మనిషి బ్రిటిష్ సినిమాకు పెద్ద దిక్కు ఎలా అయ్యారు? కోట్లు సంపాదించి మళ్లీ ఎలా పోగొట్టుకున్నారు? మన దేశంతో ఆయనకున్న లింకేంటి? ఆ వివరాలు చూద్దాం..

పుట్టింది హంగరీ పల్లెటూళ్లో..

1893 సెప్టెంబర్ 16. అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో తుర్కేవె అనే ఊరి దగ్గర ఓ పల్లెలో యూదుల కుటుంబంలో పుట్టారు కోర్డా. అసలు పేరు షాండోర్ కెల్నర్. తండ్రి ఓ ఎస్టేట్ వ్యవహారాలు చూసుకునేవారు. షాండోర్ తర్వాత ఇద్దరు తమ్ముళ్లు.. జోల్తాన్, విన్సెంట్. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుపెట్టుకోండి, కథలో చివరి దాకా ఉంటారు.

చిన్నప్పుడే కంటి జబ్బు చేసింది. సరైన వైద్యం అందలేదు. దాంతో చూపు దెబ్బతింది, జీవితాంతం దళసరి కళ్లద్దాలే. సినిమా అంటేనే కళ్లతో చూసేది కదా. ఆ రంగాన్ని ఏలిన మనిషికి కళ్లే సరిగా కనపడకపోవడం విచిత్రం. ఆ తర్వాత కొన్నాళ్లకే తండ్రి చనిపోయారు. అప్పటికి షాండోర్‌కు నిండా పద్నాలుగేళ్లు కూడా లేవు. ఇంటి పెద్ద కొడుకు కాబట్టి బాధ్యత మీద పడింది. బుడాపెస్ట్ చేరి చదువుకుంటూనే పత్రికలకు రాయడం మొదలుపెట్టారు. కలం పేరుగా ‘కోర్డా’ అని పెట్టుకున్నారు. చర్చి ప్రార్థనలో వచ్చే ఓ లాటిన్ మాట నుంచి తీసుకున్న పేరది. ఆ పేరే స్థిరపడిపోయింది. తమ్ముళ్లు కూడా అదే ఇంటిపేరు చేసుకున్నారు.

1911లో పారిస్ వెళ్లారు. అక్కడ పాథే స్టూడియోలో సినిమాలు ఎలా తీస్తారో చూశారు. అంతే, మనసు అటు తిరిగిపోయింది. తిరిగొచ్చి సినిమా పత్రిక నడిపారు. 1914లో తొలి సినిమా డైరెక్ట్ చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినా కంటి చూపు వల్ల సైన్యంలోకి తీసుకోలేదు. కుర్రాళ్లంతా యుద్ధానికి వెళ్తే ఈయన సినిమాలు తీస్తూ కూర్చున్నారు. 1917కల్లా కోర్విన్ అనే సినిమా కంపెనీ ఆయన చేతికొచ్చింది. పాతికేళ్లు నిండకుండానే హంగరీ సినిమాలో ఆయనే పెద్ద పేరు.

ఒక్క ఏడాదిలో అంతా తలకిందులు

1919. హంగరీలో బేలా కున్ నాయకత్వంలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. సినిమా పరిశ్రమను జాతీయం చేసేసింది. కోర్డా ఆ ప్రభుత్వం కింద కూడా పనిచేశారు, సినిమాలు తీశారు. అయితే ఆ ప్రభుత్వం నిలిచింది నాలుగు నెలలే. తర్వాత అధికారంలోకి వచ్చిన హోర్తీ వర్గం కమ్యూనిస్టుల మీద, యూదుల మీద పగ తీర్చుకోవడం మొదలుపెట్టింది. కోర్డా యూదుడు, పైగా పాత ప్రభుత్వంలో పనిచేసినవాడు. రెండు విధాలా దొరికిపోయారు.

ఆ ఏడాది చివర్లో ఆయన్ను అరెస్టు చేశారు. అప్పట్లో అలా తీసుకెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. భార్య మరియా, తమ్ముడు జోల్తాన్ కాళ్లరిగేలా తిరిగి, తెలిసినవాళ్లందరినీ పట్టుకుని బయటికి తెచ్చారని చెబుతారు. బయటికి రాగానే కోర్డా చేసిన పని ఒక్కటే.. రైలెక్కి వియన్నా వెళ్లిపోయారు. మళ్లీ జన్మలో హంగరీలో స్థిరపడలేదు.

అప్పటికి ఆయన వయసు 26. కట్టుకున్న కంపెనీ పోయింది, తీసిన సినిమాలు పోయాయి. హంగరీలో ఆయన తీసిన ఇరవైకి పైగా మూకీ సినిమాల్లో ఇప్పుడు దాదాపు ఏవీ మిగల్లేదు.

వియన్నా, బెర్లిన్, హాలీవుడ్.. ఎక్కడా కుదురు లేదు

వియన్నాలో సాషా కోలోవ్రాట్ అనే ప్రభువు సినిమాలు నిర్మించేవాడు. ఆయన దగ్గర కోర్డా ‘ది ప్రిన్స్ అండ్ ది పాపర్’ తీశారు. అది బయటి దేశాల్లోనూ ఆడింది. తర్వాత బెర్లిన్. అక్కడి నుంచి 1926 చివర్లో హాలీవుడ్. భార్య మరియా కోర్డా అప్పటికే పేరున్న హీరోయిన్. ఆమెతో 1927లో తీసిన ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెలెన్ ఆఫ్ ట్రాయ్’ బాగా నడిచింది. పురాణాల్లోని మనుషులు కూడా మన పక్కింటివాళ్లలాగే పోట్లాడుకుంటారు, అలుగుతారు అన్నట్టుగా తీశారు ఆ సినిమాని. ఈ ఐడియానే ఆరేళ్ల తర్వాత ఆయన జాతకం మార్చింది.

కానీ హాలీవుడ్ ఆయనకు పడలేదు. అక్కడ డైరెక్టర్ అంటే స్టూడియో చెప్పింది చేసే ఉద్యోగి. ఇంతలో సినిమాకు మాట వచ్చింది. మరియా యాసతో ఇంగ్లిష్ టాకీల్లో పని దొరకలేదు. కెరీర్ ఆగిపోయింది, కాపురమూ ఆగిపోయింది. 1930లో విడాకులు. అదే ఏడాది ఫాక్స్ స్టూడియోతో గొడవపడి కోర్డా బయటికొచ్చేశారు. మరోసారి చేతిలో ఏమీ లేదు.

యూరప్ తిరిగొచ్చి పారిస్‌లో పారామౌంట్ కోసం 1931లో ‘మారియస్’ తీశారు. మార్సెల్ పాన్యోల్ నాటకం అది. ఫ్రెంచ్ సినిమాలో ఇప్పటికీ క్లాసిక్ అంటారు. ఆ ఏడాదే లండన్ వెళ్లారు. 1932లో సొంత కంపెనీ పెట్టారు. పేరు లండన్ ఫిలిమ్స్. సినిమా మొదట్లో తెర మీద బిగ్ బెన్ గడియారం కనపడేది. ఊరికి కొత్తగా వచ్చిన శరణార్థి ఆ ఊరి గడియారాన్నే తన గుర్తుగా పెట్టుకున్నాడన్నమాట.

ఆరుగురు భార్యల రాజు.. ఒక్క సినిమాతో జాక్‌పాట్

అప్పట్లో బ్రిటిష్ సినిమా పరిస్థితి ఏంటంటే.. థియేటర్లు ఇంత శాతం దేశీయ సినిమాలు వేయాలని 1927లో చట్టం తెచ్చారు. ఆ కోటా నింపడానికి చుట్టేసిన చవక సినిమాలే ఎక్కువ. బ్రిటిష్ సినిమా అంటే బ్రిటన్‌ జనమే మొహం తిప్పుకునే రోజులు. అమెరికాలో అయితే అసలు అడిగే దిక్కే లేదు.

కోర్డా లెక్క వేరు. బ్రిటన్ మార్కెట్ చిన్నది, అక్కడ మాత్రమే ఆడితే పెద్ద సినిమాకు పెట్టుబడి తిరిగిరాదు. అమెరికాలో ఆడాలి. ఆడాలంటే వాళ్లకు కూడా తెలిసిన కథ కావాలి. అప్పుడు పట్టుకున్నారు ఎనిమిదో హెన్రీ రాజుని. ఆరు పెళ్లిళ్లు చేసుకుని ఇద్దరు భార్యల తలలు నరికించిన రాజు. చార్లెస్ లాటన్ హీరో. సింహాసనం మీద ఠీవిగా కూర్చునే రాజును కాదు, కోడిని చేత్తో చీల్చుకుని తింటూ ఎముకలు వెనక్కి విసిరే రాజును చూపించారు.

1933లో ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ రిలీజైంది. ఖర్చు సుమారు 60 వేల పౌండ్లని అప్పట్లో చెప్పుకున్నారు. హాలీవుడ్ లెక్కలో అది చాలా తక్కువ. సినిమా మాత్రం న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో జనాన్ని తోసుకుంటూ రప్పించింది. లాటన్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. ఉత్తమ చిత్రం విభాగంలో నామినేషన్ అందుకున్న తొలి బ్రిటిష్ సినిమా కూడా ఇదే. ఒక్క దెబ్బతో బ్రిటిష్ సినిమాకు ప్రపంచ మార్కెట్ తలుపు తెరుచుకుంది.

బీమా కంపెనీ డబ్బుతో 165 ఎకరాల స్టూడియో

ఇక కోర్డా ఆగలేదు. ప్రుడెన్షియల్ అనే పెద్ద బీమా కంపెనీ పెట్టుబడి పెట్టడానికి ముందుకొచ్చింది. జనం నెలనెలా కట్టే ప్రీమియం డబ్బులు సినిమాల్లోకి రావడం అప్పట్లో పెద్ద వార్త. లండన్‌కు దగ్గర్లోని డెన్హమ్‌లో 165 ఎకరాల్లో స్టూడియో కట్టారు. ఏడు షూటింగ్ ఫ్లోర్లు. 1936లో పని మొదలైంది. చాప్లిన్, మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ఉన్న యునైటెడ్ ఆర్టిస్ట్స్‌లో కోర్డా కూడా భాగస్వామి అయ్యారు.

‘ది స్కార్లెట్ పింపర్నెల్’, హెచ్.జి.వెల్స్ రాసిన ‘థింగ్స్ టు కమ్’, లాటన్‌తో ‘రెంబ్రాంట్’.. వరసగా వచ్చాయి. తమ్ముడు జోల్తాన్ డైరెక్టర్, ఇంకో తమ్ముడు విన్సెంట్ ఆర్ట్ డైరెక్టర్. హిట్లర్ నుంచి తప్పించుకుని జర్మనీ, ఆస్ట్రియాల నుంచి వచ్చిన టెక్నీషియన్లు, హంగరీ నుంచి వచ్చిన రచయితలు, సంగీత దర్శకులు అక్కడ చేరారు. పారిపోయి రావడం అంటే ఏంటో కోర్డాకు తెలుసు కాబట్టి వాళ్లకు పని ఇచ్చారు.

అయితే ఖర్చు విషయంలో ఆయన చెయ్యి ఆగేది కాదు. ఖరీదైన హోటళ్లు, పెద్ద సిగార్లు, గోడల మీద ఖరీదైన పెయింటింగులు. ఎవరు వచ్చి ఐడియా చెప్పినా హక్కులు కొనేసేవారు. కొన్నవాటిలో చాలావరకు సినిమాలు కాలేదు. టి.ఇ.లారెన్స్ అరేబియా కథ కూడా అలాగే ఆయన దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోయింది. చివరికి 1962లో వేరేవాళ్ల నిర్మాణంలో డేవిడ్ లీన్ ఆ కథను తెరకెక్కించారు.

1937కల్లా లెక్కలు బయటపడ్డాయి. వచ్చేదానికంటే పోయేది ఎక్కువ. ప్రుడెన్షియల్ పట్టు బిగించింది. 1939కి డెన్హమ్ స్టూడియో కోర్డా చేతుల్లోంచి జారిపోయింది. పోటీదారు జె.ఆర్థర్ ర్యాంక్ గ్రూపులో కలిసిపోయింది. కట్టుకున్న ఇల్లు పోవడం ఆయనకు ఇది రెండోసారి.

మైసూరు ఏనుగుల శాలలో దొరికిన సాబూ

ఇప్పుడు మన దేశానికి వద్దాం. కిప్లింగ్ రాసిన ఏనుగు కుర్రాడి కథను సినిమాగా తీయాలనుకున్నారు కోర్డా. డాక్యుమెంటరీలకు పేరుపొందిన రాబర్ట్ ఫ్లాహర్టీని 1935లో మైసూరు పంపారు. మైసూరు మహారాజా ఏనుగులు ఇచ్చి సాయం చేశారు. హీరోగా ఎవరిని పెట్టాలా అని వెతుకుతుంటే రాజుగారి ఏనుగుల శాలలో ఓ కుర్రాడు కనపడ్డాడు. పేరు సాబూ. తండ్రి మావటి, అప్పటికే చనిపోయాడు. పదకొండేళ్ల ఆ పిల్లాడికి ఏనుగులే లోకం.

ఫ్లాహర్టీ నెలల తరబడి ఏనుగులను, అడవిని తీస్తూనే ఉన్నారు. ఫిల్మ్ రీళ్లు కుప్పలయ్యాయి గానీ కథ తయారవ్వలేదు. కోర్డా యూనిట్‌ను లండన్ పిలిపించి, సాబూని కూడా రప్పించి, మిగతా సినిమాను తమ్ముడు జోల్తాన్‌తో డెన్హమ్‌లో పూర్తి చేయించారు. మైసూరు అడవికి డెన్హమ్ సెట్ అతుకు పడింది. అయినా 1937లో వచ్చిన ‘ఎలిఫెంట్ బాయ్’కి వెనిస్ ఫెస్టివల్‌లో ఉత్తమ దర్శకత్వం అవార్డు వచ్చింది. సాబూ నవ్వుకు జనం పడిపోయారు. ప్రపంచ తెర మీద స్టార్ అయిన తొలి భారతీయుడు అతడే అంటారు.

సాబూ మళ్లీ మైసూరులో మావటిగా బతకాల్సిన అవసరం రాలేదు. తర్వాత అమెరికా పౌరుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళంలో గన్నర్‌గా పనిచేసి పతకం అందుకున్నాడు. అయితే పెద్దయ్యాక కూడా హాలీవుడ్ అతడికి ఇచ్చినవి ఆ అడవి కుర్రాడి పాత్రలే. 1963లో గుండెపోటుతో 39 ఏళ్లకే చనిపోయాడు.

మద్రాసులో నిరసనలు.. వెనక్కి తీసుకున్న సినిమా

కోర్డా సినిమాల్లో మనకు మింగుడుపడని కోణం కూడా ఉంది. బ్రిటన్ ఆశ్రయం ఇచ్చిందన్న కృతజ్ఞతో, అమెరికాలో ఆ సినిమాలు అమ్ముడుపోతాయన్న లెక్కో.. బ్రిటిష్ సామ్రాజ్యాన్ని పొగిడే సినిమాలు వరసగా తీశారు. ‘శాండర్స్ ఆఫ్ ది రివర్’ అలాంటిదే. అందులో నటించిన నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ సినిమా పూర్తయ్యాక చూసి మండిపడ్డారు. ఆఫ్రికా జనం గౌరవం పెంచుతుందని నమ్మి చేస్తే, తెల్లదొరను దేవుడిని చేశారన్నది ఆయన కోపం. ఆ సినిమా తనది కాదన్నంత దూరం జరిగారు.

1938లో ‘ది డ్రమ్’ వచ్చింది. వాయవ్య సరిహద్దు ప్రాంతంలో కథ. బ్రిటిష్ సైన్యానికి సాయం చేసే రాకుమారుడిగా సాబూ. అప్పటికి మన దగ్గర స్వాతంత్ర్య పోరాటం ఉధృతంగా ఉంది. బొంబాయిలో, మన తెలుగువాళ్లు కూడా ఉన్న అప్పటి మద్రాసులో సినిమాపై జనం నిరసనకు దిగారు. ఇది సామ్రాజ్య ప్రచారమే అన్నారు. చివరికి ఇక్కడ సినిమాను ఆపేయాల్సి వచ్చింది. లండన్‌లో చప్పట్లు కొట్టించిన సీన్లే ఇక్కడ రాళ్లు వేయించాయి. సొంత దేశంలో అధికారం చేతిలో దెబ్బతిన్న మనిషి, ఇంకో దేశం మీద సాగుతున్న అధికారాన్ని అందంగా చూపించడం.. కోర్డా జీవితంలో పెద్ద వైరుధ్యం ఇదే.

బొంబాయి బిడ్డ.. టాస్మానియా అబద్ధం

హెన్రీ సినిమాలో రెండో భార్య ఆన్ బోలిన్ పాత్ర చిన్నదే. కానీ ఆ అమ్మాయి మీదే అందరి కళ్లూ పడ్డాయి. పేరు మెర్ల్ ఒబెరాన్. ఆమెను పైకి తెచ్చింది కోర్డానే. 1939లో పెళ్లి కూడా చేసుకున్నారు.

మెర్ల్ ఎక్కడ పుట్టిందని అడిగితే టాస్మానియా అని చెప్పేవాళ్లు. ఆస్ట్రేలియా పక్కన ఉన్న దీవి అది. ఎవరూ వెళ్లి ఆరా తీయనంత దూరం. అసలు నిజం ఏంటంటే, ఆమె పుట్టింది 1911లో బొంబాయిలో, పెరిగింది కలకత్తాలో. ఆంగ్లో-ఇండియన్ పేద కుటుంబం. తెల్లవాళ్లకు తప్ప హీరోయిన్ చాన్సులు రాని రోజులు కాబట్టి, లండన్‌లో స్టూడియో పబ్లిసిటీ వాళ్లు కొత్త పుట్టుక అల్లేశారు. ఆమె కూడా దానికి కట్టుబడిపోయింది. తల్లిగా పెంచిన షార్లెట్ చామనఛాయ మనిషి. ఇంటికి ఎవరైనా వస్తే ఆమెను పనిమనిషిగా చూపించేవారని చెబుతారు. షార్లెట్ నిజానికి మెర్ల్‌కు అమ్మమ్మ అన్న సంగతి చాలా ఏళ్ల తర్వాత బయటపడింది.

మెర్ల్ 1935 నాటి ‘ది డార్క్ ఏంజెల్’కు ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ అందుకుంది. ఆసియా మూలాలున్న నటికి ఆ విభాగంలో దక్కిన తొలి నామినేషన్ అదే అని ఇప్పుడు గుర్తుచేస్తున్నారు. అప్పట్లో మాత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు. కోర్డాతో కాపురం 1945లో ముగిసింది. అబద్ధం మాత్రం ముగియలేదు. 1978లో టాస్మానియా వాళ్లు తమ ఆడబిడ్డ అనుకుని పిలిచి సన్మానం చేస్తే మెర్ల్ ఆ సభకు వెళ్లింది. మరుసటి ఏడాదే చనిపోయింది. నిజం ఆ తర్వాతే లోకానికి తెలిసింది.

యుద్ధం మధ్యలో బాగ్దాద్ దొంగ

1939లో డెన్హమ్‌లో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ మొదలైంది. ఎగిరే గుర్రం, ఎగిరే తివాచీ, సీసాలోంచి బయటికొచ్చే భూతం, అన్నీ రంగుల్లో. దొంగ కుర్రాడిగా సాబూ, మాంత్రికుడు జాఫర్‌గా కాన్రాడ్ వైట్. షూటింగ్ సగంలో ఉండగా సెప్టెంబర్‌లో యుద్ధం మొదలైంది. కోర్డా ఆ సినిమాను పక్కనపెట్టి బ్రిటిష్ వైమానిక దళం మీద ‘ది లయన్ హ్యాజ్ వింగ్స్’ అనే ప్రచార సినిమాను వారాల్లో పూర్తి చేశారు. దానికి డబ్బు చాలకపోతే తన బీమా పాలసీ మీద అప్పు తెచ్చారని చెబుతారు.

తర్వాత యూనిట్‌తో అమెరికా వెళ్లి మిగతా బాగ్దాద్ సినిమాను అక్కడ పూర్తి చేశారు. చేతులు మారి మారి చాలామంది డైరెక్టర్లు పనిచేశారు. అయినా 1940లో రిలీజైన ఈ సినిమాకు మూడు ఆస్కార్లు.. కలర్ సినిమాటోగ్రఫీ, ఆర్ట్ డైరెక్షన్, స్పెషల్ ఎఫెక్ట్స్. ఆర్ట్ డైరెక్షన్ అవార్డు తమ్ముడు విన్సెంట్‌ది. బాగ్దాద్ దొంగ కథలు మన తెలుగు తెరకూ కొత్త కాదు. 1968లో ఎన్టీఆర్ హీరోగా ‘బాగ్దాద్ గజదొంగ’ వచ్చిన సంగతి తెలిసిందే.

సినిమా తీసినందుకు విచారణ.. కాపాడిన పెర్ల్ హార్బర్

1941లో హాలీవుడ్‌లో ఉండగా కోర్డా ‘దట్ హామిల్టన్ వుమన్’ తీశారు. లారెన్స్ ఒలివియర్, వివియన్ లీ జంట. నెపోలియన్‌ను ఎదిరించిన నౌకాదళపతి నెల్సన్ ప్రేమకథ. పైకి ప్రేమకథే, లోపల మాత్రం హిట్లర్‌తో రాజీ వద్దన్న హెచ్చరిక. బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు ఈ సినిమా అంటే ప్రాణం. చర్చిల్, కోర్డాల స్నేహం పాతదే. అధికారం లేని రోజుల్లో చర్చిల్‌కు స్క్రిప్టు పని ఇచ్చి డబ్బు ఇచ్చింది కోర్డానే.

యుద్ధానికి దూరంగా ఉండాలనే అమెరికా సెనేటర్లకు మాత్రం ఒళ్లు మండింది. విదేశీయుడొకడు మన గడ్డ మీద కూర్చుని మనల్ని యుద్ధంలోకి లాగుతున్నాడని విచారణకు పిలిచారు. డిసెంబర్ 12న హాజరు కావాలి. సరిగ్గా ఐదు రోజుల ముందు, డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. అమెరికానే యుద్ధంలోకి దిగింది. ఇక విచారణకు అర్థమే లేకుండా పోయింది.

న్యూయార్క్‌లోని కోర్డా ఆఫీసు బ్రిటిష్ గూఢచారులకు ముసుగుగా పనికొచ్చిందని కూడా చెబుతారు. 1942లో బ్రిటన్ ప్రభుత్వం ఆయనకు ‘సర్’ బిరుదు ఇచ్చింది. సినిమా దర్శక నిర్మాతకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అదే ఏడాది సాబూ మౌగ్లీగా ‘జంగిల్ బుక్’ కూడా వచ్చింది.

తిట్టిన విమర్శకుడితోనే అన్నిటికన్నా గొప్ప సినిమా

యుద్ధం తర్వాత 1946లో బ్రిటిష్ లయన్ అనే పంపిణీ సంస్థను, దాంతోపాటు షెపర్టన్ స్టూడియోను కోర్డా చేజిక్కించుకున్నారు. మళ్లీ భారీ సినిమాలు, మళ్లీ భారీ ఖర్చు. వివియన్ లీతో ‘అన్నా కరేనినా’, ఆ తర్వాత ‘బోనీ ప్రిన్స్ చార్లీ’. ముఖ్యంగా రెండోది బోల్తా కొట్టింది.

అదే టైంలో ఇంకో పని జరిగింది. గ్రాహమ్ గ్రీన్ అనే రచయిత 1930లలో సినిమా విమర్శకుడిగా కోర్డా సినిమాలను చీల్చి చెండాడేవారు. వేరే నిర్మాత అయితే మొహం కూడా చూడరు. కోర్డా పిలిపించుకున్నారు, కథ రాయమన్నారు. డైరెక్టర్ కారల్ రీడ్‌తో జత కలిపారు. 1948లో ‘ది ఫాలెన్ ఐడల్’ వచ్చింది. మరో కథ కోసం గ్రీన్‌ను వియన్నా పంపారు.

వియన్నా అప్పుడు శిథిలాల నగరం. నాలుగు దేశాల సైన్యాలు ఊరిని నాలుగు ముక్కలు చేసుకుని కూర్చున్నాయి. బ్లాక్ మార్కెట్లో కల్తీ పెన్సిలిన్ అమ్ముకునే ఓ మోసగాడు, అతడి కోసం వెతికే స్నేహితుడు.. అదీ కథ. ఆర్సన్ వెల్స్ కనపడేది కొద్దిసేపే, మర్చిపోలేం. ఆంటన్ కారస్ అనే వియన్నా వాయిద్యకారుడు జిథర్ మీద వాయించిన ట్యూన్ ప్రపంచమంతా మోగింది. 1949లో ‘ది థర్డ్ మ్యాన్’కు కాన్ ఫెస్టివల్ గ్రాండ్ ప్రి వచ్చింది. రాబర్ట్ క్రాస్కర్ కెమెరాకు ఆస్కార్ వచ్చింది. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన వంద గొప్ప బ్రిటిష్ సినిమాల జాబితాలో మొదటి స్థానం దీనిదే.

ఓ కోణం గమనించారా? 1919లో కోర్డా ప్రాణాలు దక్కించుకుని చేరింది ఆ వియన్నాకే. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఊరు ఆయనకు జీవితంలోకెల్లా గొప్ప సినిమా ఇచ్చింది.

ప్రభుత్వ సొమ్ము 30 లక్షల పౌండ్లు.. నీళ్లపాలు

గొప్ప సినిమాలు వచ్చినా బ్రిటిష్ లయన్ లెక్కలు కుదరలేదు. పరిశ్రమను నిలబెట్టాలని ప్రభుత్వం అప్పు ఇచ్చింది. మొత్తం 30 లక్షల పౌండ్లు. అంటే జనం కట్టిన పన్నులే. అది తిరిగి రాలేదు. 1954లో సంస్థను రిసీవర్ చేతిలో పెట్టారు. ప్రజాధనాన్ని ఒక మనిషి దర్జా మీద ఖర్చు పెడతారా అని విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో నిజం ఉంది. ఆ డబ్బులోంచే డేవిడ్ లీన్ ‘ది సౌండ్ బారియర్’, ‘హాబ్సన్స్ చాయిస్’ లాంటి సినిమాలు వచ్చాయన్నదీ నిజమే.

కోర్డా మాత్రం మళ్లీ కొత్త పెట్టుబడిదారును వెతికి పట్టుకున్నారు. ఒలివియర్ దర్శకత్వంలో ‘రిచర్డ్ ది థర్డ్’కు డబ్బు సమకూర్చారు. 1955లో లండన్‌లో రిలీజైంది. మరుసటి ఏడాది మార్చిలో అమెరికాలో థియేటర్లో పడిన రోజే ఎన్‌బీసీ టీవీలో కూడా వేశారు. థియేటర్, టీవీ రెండూ ఒకే రోజు అన్న ఆలోచన ఇప్పటి ఓటీటీ కాలంలో మామూలే గానీ, అప్పటికి అది సాహసమే.

ఆ రోజు చూడ్డానికి కోర్డా లేరు. 1956 జనవరి 23న లండన్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 62.

ఏం మిగిల్చారు?

డెన్హమ్ స్టూడియో 1952లోనే మూతపడింది. బ్రిటిష్ లయన్ చేతులు మారింది. ఆయన కట్టిన వ్యాపారం ఏదీ ఆయన చేతిలో నిలవలేదు. కానీ బ్రిటిష్ సినిమా ప్రపంచమంతా ఆడగలదని మొదట నిరూపించింది ఆయనే. అందుకే బాఫ్టా వాళ్లు ఉత్తమ బ్రిటిష్ సినిమాకు ఇచ్చే అవార్డును చాలా ఏళ్ల పాటు అలెగ్జాండర్ కోర్డా పేరుతోనే ఇచ్చారు. ఇంగ్లిష్ యాసతో మాట్లాడే హంగరీ శరణార్థి పేరు, ఏటా బ్రిటన్‌లోని బెస్ట్ సినిమాకు ముద్రగా పడిందన్నమాట.

మన వైపు నుంచి చూస్తే లెక్క అంత సులువుగా తేలదు. మైసూరు మావటి కొడుకుకి ప్రపంచాన్ని చూపించింది ఆయనే, అదే కుర్రాడి చేత తెల్లదొరలకు సలాం కొట్టించిందీ ఆయనే. బొంబాయి అమ్మాయిని స్టార్ చేసింది ఆయన కంపెనీయే, ఆమె బొంబాయిని చెరిపేసిందీ ఆ కంపెనీ పబ్లిసిటీయే. సాబూ నవ్వు, మెర్ల్ కళ్లు, ఎగిరే తివాచీ మాత్రం ఇప్పటికీ తెర మీద అలాగే ఉన్నాయి. ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ ఎక్కడైనా దొరికితే పిల్లలతో కలిసి ఓసారి చూడండి.. సీసాలోంచి భూతం బయటికొచ్చే సీన్ దగ్గర ఈ కాలం పిల్లలు కూడా ఫోన్ పక్కన పెట్టేస్తారు.